కంప్యూటర్ నెట్‌వర్క్ ఆర్కిటెక్ట్ వృత్తి

ఒక సంస్థలోని కంప్యూటర్లు, సర్వర్లు, ఫోన్లు, శాఖా కార్యాలయాలు, డేటా సెంటర్లు, క్లౌడ్‌లో అద్దెకు తీసుకున్న యంత్రాలు ఏ దారిలో కలవాలో, ఆ దారి తెగితే మరే దారిలో కలవాలో ముందుగా తేల్చి కాగితం మీద పెట్టే నిపుణుణ్ని కంప్యూటర్ నెట్‌వర్క్ ఆర్కిటెక్ట్ అంటారు. స్విచ్చులను ర్యాకులో బిగించి కేబుళ్లు వేసేది ఫీల్డ్ ఇంజినీరు. రౌటర్లలో కమాండ్లు కొట్టేది నెట్‌వర్క్ ఇంజినీరు. పగలూ రాత్రీ తెరల ముందు కూర్చుని ఏ లింకు పడిపోయిందో కనిపెట్టేది నాక్ (నెట్‌వర్క్ ఆపరేషన్స్ సెంటర్) సిబ్బంది. వీళ్లందరి చేతికీ వెళ్లే డిజైను తయారుచేసేది ఆర్కిటెక్టు. చిన్న సంస్థల్లో ఈ పనులన్నీ ఒక్కరి నెత్తినే పడతాయి. పెద్ద బ్యాంకుల్లో, టెలికాం కంపెనీల్లో ఒక్కో పనికి ఒక్కో విభాగం ఉంటుంది.

వృత్తిగా దీనికి వయసు తక్కువే. అమెరికా ప్రభుత్వం ఉద్యోగాలను లెక్కించడానికి వాడే వర్గీకరణలో నెట్‌వర్క్ ఆర్కిటెక్టులకు విడిగా ఒక గడి దొరికింది 2010లో. ఇప్పటి వర్గీకరణలో దాని కోడ్ 15-1241. అక్కడి కార్మిక గణాంకాల సంస్థ ఈ ఉద్యోగానికి డిగ్రీతో పాటు సంబంధిత పనిలో 5 ఏళ్లో, అంతకుమించో అనుభవం కావాలని చెబుతుంది. కంప్యూటర్ రంగంలో అంత అనుభవాన్ని ముందే అడిగే ఉద్యోగాలు కొద్ది. కాలేజీ గడప దాటి నేరుగా వచ్చి కూర్చునే కుర్చీ కాదిది. ఈ వృత్తి గురించి అన్నిటికంటే ముందు విద్యార్థికి తెలియాల్సిన సంగతి అదే, శిక్షణ సంస్థల ప్రకటనల్లో కనిపించని సంగతి కూడా అదే.

మన దేశంలో ఈ పనికి లైసెన్సు లేదు, వైద్యులకూ న్యాయవాదులకూ ఉన్నట్టు కౌన్సిల్ లేదు. అందుకే హోదాల పేర్లకు అదుపు ఉండదు. ఒక కంపెనీలో ఆర్కిటెక్ట్ అనిపించుకున్నవారు మరో కంపెనీలో సీనియర్ ఇంజినీరు. అమ్మకాల విభాగంలో ప్రజెంటేషన్లు ఇచ్చేవారి విజిటింగ్ కార్డు మీద కూడా సొల్యూషన్ ఆర్కిటెక్ట్ అనే ఉంటుంది. ఎవరు నిజంగా ఆ పని చేస్తున్నారో తెలియాలంటే ఒకటే ప్రశ్న: నెట్‌వర్క్ పడిపోయిన మర్నాడు, ఇలా ఎందుకు కట్టారని ఎవరిని అడుగుతారు? సమాధానం చెప్పాల్సినవారే ఆర్కిటెక్టు.

నేపథ్యం

1969 అక్టోబరు 29న లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థకు, ఇంటర్నెట్‌కు ముందుతరం నెట్‌వర్క్ అయిన అర్పానెట్‌పై తొలి సందేశం వెళ్లింది. ‘లాగిన్’ అని పంపబోతే మొదటి రెండక్షరాలు చేరగానే అవతలి కంప్యూటరు కుప్పకూలింది. నెట్‌వర్కుల చరిత్ర వైఫల్యంతోనే మొదలైందని ఈ వృత్తిలోనివారు సరదాగా చెప్పుకుంటారు. 1973లో జెరాక్స్ పరిశోధనాలయంలో రాబర్ట్ మెట్‌కాఫ్ ఈథర్‌నెట్‌కు రూపం ఇచ్చాడు. 1974లో వింట్ సెర్ఫ్, బాబ్ కాన్ రాసిన పత్రం టీసీపీ/ఐపీకి పునాది. 1983 జనవరి 1న అర్పానెట్ మొత్తం ఆ పద్ధతికి మారింది. 1985లో డెక్ కంపెనీలో రేడియా పెర్ల్‌మన్ స్పానింగ్ ట్రీ పద్ధతిని రూపొందించింది. స్విచ్చుల మధ్య అదనపు తీగలు వేసినా సందేశాలు గిరగిరా తిరుగుతూ నెట్‌వర్క్‌ను ముంచకుండా కాపాడేది ఆ పద్ధతే. 1989లో కిర్క్ లోహీడ్, యాకొవ్ రెక్టర్ భోజనాల బల్ల దగ్గర నాప్‌కిన్ల మీద గీసుకున్న బీజీపీ ఇవాళ్టికీ దేశదేశాల ఇంటర్నెట్ సంస్థలను కలిపి ఉంచుతోంది.

ఆ తరం వాళ్లలో డిజైను గీసినవారూ, కోడు రాసినవారూ, తీగలు కలిపినవారూ ఒకరే. 1984లో సిస్కో, 1996లో జునిపర్ వంటి కంపెనీలు పుట్టి రౌటర్లు సంతలో సరుకైనాక, వాటిని కొనే బ్యాంకులకూ ఫ్యాక్టరీలకూ ఏది ఎక్కడ పెట్టాలో చెప్పే మనిషి కావాల్సి వచ్చింది. ఆర్కిటెక్టు అనే ఉద్యోగం ఆ అవసరం నుంచి వచ్చింది.

మన దేశంలో 1980లలో జాతీయ సమాచార కేంద్రం ఉపగ్రహం ద్వారా జిల్లా కేంద్రాలను కలుపుతూ నిక్‌నెట్ కట్టింది. 1986లో మొదలైన విద్యా, పరిశోధన సంస్థల నెట్‌వర్క్ ఎర్నెట్‌లో బెంగళూరు ఐఐఎస్‌సీ, అప్పటి ఐదు ఐఐటీలు, ముంబయిలోని ఎన్‌సీఎస్‌టీ భాగస్వాములు. 1995 ఆగస్టు 15న ప్రభుత్వ టెలికాం సంస్థ వీఎస్‌ఎన్‌ఎల్ సామాన్యులకు ఇంటర్నెట్ ఇచ్చింది. అయితే ఈ వృత్తికి ఇక్కడ గిరాకీ తెచ్చింది 2000 తర్వాత బ్యాంకుల్లో వచ్చిన కోర్ బ్యాంకింగ్. అంతవరకు ఏ శాఖ లెడ్జరు ఆ శాఖలోనే ఉండేది. లెక్కలన్నీ ఒకే డేటా సెంటరుకు చేరాక, లింకు లేకపోతే కౌంటరులో డబ్బు ఇవ్వడం కూడా కుదరదు. నెట్‌వర్క్ డిజైను అప్పటినుంచి యాజమాన్యాల బల్ల మీదికి ఎక్కింది.

పని తీరు

ఉదాహరణకు తెలంగాణ జిల్లాల్లో 40 శాఖలున్న ఒక బ్యాంకు హైదరాబాదులో డేటా సెంటరు పెట్టుకుని కొత్త నెట్‌వర్క్ కావాలని అడిగిందనుకుందాం. అనుభవం లేనివారు వెంటనే ఏ కంపెనీ రౌటరు కొనాలో చెబుతారు. ఆర్కిటెక్టు ముందు అడిగేది: ఏడాదిలో ఎంతసేపు పడిపోతే మీరు తట్టుకోగలరు? 99.9 శాతం చాలంటే ఏడాదికి 8 గంటల 45 నిమిషాల అంతరాయాన్ని ఒప్పుకున్నట్టు. 99.99 అంటే 53 నిమిషాలు. 99.999 అంటే 5 నిమిషాల చిల్లర. దశాంశం తర్వాత ఒక్కో తొమ్మిదికి ఖర్చు ఎలా ఎక్కుతుందో చూపించాక, అన్ని శాఖలకూ ఐదు తొమ్మిదులు కావాలన్న మేనేజర్లు సాధారణంగా మెత్తబడతారు. ప్రధాన కార్యాలయానికి ఒక స్థాయి, మండల కేంద్రంలోని శాఖకు మరో స్థాయి అని తేలుతుంది. ఈ బేరం డిజైనులో సగం.

తర్వాతిది లింకుల సంగతి. ప్రతి శాఖకూ ఇద్దరు వేర్వేరు టెలికాం కంపెనీల నుంచి రెండు ఫైబర్ లింకులు తీసుకుంటే భద్రమని ఎవరైనా చెప్తారు. ఆ రెండు ఫైబర్లూ ఒకే రోడ్డు పక్కన, ఒకే గొట్టంలో వస్తుంటే? ఒక కంపెనీ గొట్టాన్ని మరో కంపెనీ అద్దెకు తీసుకోవడం మామూలే. రోడ్డు వెడల్పు చేయడానికి వచ్చిన జేసీబీ ఒక్క పోటుతో రెండింటినీ తెంపేస్తుంది. అందుకే ఆర్కిటెక్టు ఇద్దరి దగ్గరా ఫైబర్ వెళ్లే దారి మ్యాపు అడిగి తీసుకుని, ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తాడు. ఎక్కడ కలిశాయో అక్కడ దారి మార్చమంటాడు. మార్చడం కుదరకపోతే రెండోదాన్ని వదిలేసి 4జీ లేదా 5జీ లింకు పెట్టిస్తాడు. తవ్వేవారు ముందుగా తెలియజేయాలంటూ కేంద్రం 2023 మార్చిలో ‘కాల్ బిఫోర్ యు డిగ్’ యాప్ తెచ్చింది. ఫైబర్ కట్ అన్న మాట మాత్రం నాక్ టికెట్లలో ఇంకా రోజూ కనిపిస్తూనే ఉంది.

ఇంతకంటే ఎవరికీ కనిపించని పని ఐపీ అడ్రసుల ప్లాను. సంస్థల లోపలి వాడకానికి వదిలిన అడ్రసుల్లో 10తో మొదలయ్యేవి ఉన్నాయి. అందులోంచి 10.20 అనే సముదాయం మొత్తం శాఖలకు కేటాయిస్తే 65,536 అడ్రసులు వస్తాయి. ఒక్కో శాఖకు 1,024 చొప్పున ఇస్తే 64 శాఖలకు సరిపోతుంది. ఇప్పుడున్నవి 40 కాబట్టి ముందుముందు పెట్టబోయే 24 శాఖలకు చోటు దొరికినట్టే. ప్రతి 1,024నీ మళ్లీ 256 చొప్పున నాలుగు ముక్కలు చేస్తే, మొదటిది సిబ్బంది కంప్యూటర్లకు, రెండోది ఏటీఎంకు, మూడోది ఫోన్లకూ సీసీ కెమెరాలకు, నాలుగోది ఆ పరికరాల నిర్వహణకు. ప్రతి ఊళ్లోనూ ఇదే వరస. ఏ శాఖలోనైనా రెండో ముక్క అడ్రసు కనిపిస్తే అది ఏటీఎం అని ఖమ్మంలో ఉన్న ఇంజినీరుకూ తెలుసు, నాక్‌లో రాత్రి డ్యూటీ కుర్రాడికీ తెలుసు. ఫైర్‌వాల్‌లో 40 శాఖల ఏటీఎంలకు ఒకే తీరు నిబంధనలు రాయవచ్చు. డేటా సెంటరు అవతలి ప్రపంచానికి శాఖలన్నింటినీ కలిపి ఒక్క రూటుగా ప్రకటించవచ్చు. శాఖ తెరిచినప్పుడల్లా చేతికందిన అడ్రసు ఇచ్చుకుంటూ పోయిన నెట్‌వర్క్‌లో ఇవే 160 రూట్లవుతాయి, ఫైర్‌వాల్ నిబంధనలు వేలల్లోకి వెళ్తాయి. పదేళ్ల తర్వాత దాన్ని సరిచేయడానికి పట్టే శ్రమ కొత్తగా కట్టడం కంటే ఎక్కువ. ఈ వ్యాసకర్త దృష్టిలో ఆర్కిటెక్టు పనితనం తెలిసేది అడ్రసుల పట్టికలోనే, ఖరీదైన పరికరాల జాబితాలో కాదు.

డేటా సెంటరుకు జంటగా మరో ఊళ్లో ప్రత్యామ్నాయ కేంద్రం ఉండాలి. దాన్ని ఎంత దూరంలో పెట్టాలన్నది భౌతికశాస్త్రం తేల్చే లెక్క. గాజు తంతువులో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. ఫైబర్ దారి 1,000 కిలోమీటర్లుంటే వెళ్లి రావడానికి 10 మిల్లీ సెకన్లు. ప్రతి లావాదేవీ అవతలి కేంద్రంలో రాసుకున్నామన్న జవాబు వచ్చేదాకా డేటాబేసు ఆగాల్సి వస్తే, రద్దీ వేళల్లో ఆ 10 మిల్లీ సెకన్లే పీకకు చుట్టుకుంటాయి. దగ్గర పెడితే ఒకే వరదకో భూకంపానికో రెండూ పోతాయి. అందుకే చాలా బ్యాంకులు అదే నగరంలో నియర్ సైట్ ఒకటి, దూరపు నగరంలో డీఆర్ (విపత్తు పునరుద్ధరణ) సైట్ ఒకటి పెట్టుకుంటాయి. డబ్బు పోస్తే బ్యాండ్‌విడ్త్ పెరుగుతుంది, దూరం తగ్గదు.

భవనం లోపలి డిజైనుకు చాలాకాలం కోర్, డిస్ట్రిబ్యూషన్, యాక్సెస్ అనే మూడంచెల పద్ధతి నడిచింది. గోదావరి డెల్టాలో ప్రధాన కాలువ, దాని శాఖలు, పొలాల్లోకి వెళ్లే బోదెలు ఉన్నట్టే ఇదీను: పైనుంచి కిందికి పారడానికి బాగుంటుంది, పక్క పొలానికి నీరివ్వాలంటే మళ్లీ పైకి వెళ్లి రావాలి. డేటా సెంటర్లలో ఇప్పుడు రద్దీ ఎక్కువగా సర్వరు నుంచి పక్క సర్వరుకే. అందుకే అక్కడ లీఫ్-స్పైన్ పద్ధతి వచ్చింది. కింది వరసలోని ప్రతి స్విచ్చూ పై వరసలోని ప్రతి స్విచ్చుకూ కలిసి ఉంటుంది, కింది స్విచ్చుల్లో ఏ రెంటి మధ్యనైనా దూరం ఒకటే. టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కోసం బెల్ ల్యాబ్స్‌లో చార్లెస్ క్లోస్ 1953లో ప్రచురించిన లెక్క ఇది. అర్ధ శతాబ్దం తర్వాత డేటా సెంటర్లకు అక్కరకొచ్చింది.

ఇదంతా చివరికి కాగితాలుగా తేలుతుంది. యాజమాన్యానికి స్థూల డిజైను చూపే హెచ్‌ఎల్‌డీ, ఇంజినీర్లకు ప్రతి పోర్టు, ప్రతి అడ్రసు ఉన్న ఎల్‌ఎల్‌డీ, కొనుగోలు విభాగానికి సామగ్రి జాబితా, మార్పు చేసే రాత్రికి అడుగడుగునా ఏం కొట్టాలో చెప్పే మాప్ పత్రం, పని చెడితే వెనక్కి వచ్చే రోల్‌బ్యాక్ ప్లాను. రోజులో సగం టెండరు పత్రాలు చదవడానికీ, విక్రేతలతో ధరల దగ్గర కూర్చోవడానికీ, సెక్యూరిటీ ఆడిట్ వారికి జవాబులివ్వడానికీ పోతుంది. కమాండ్లు కొట్టడమంటే ఇష్టపడి ఈ రంగంలోకి వచ్చినవారికి ఇది అంత రుచించదు. వారు ఇంజినీరుగానే ఉండి నిపుణులైతే తప్పేం లేదు, జీతంలో పెద్ద నష్టమూ లేదు.

వైఫల్యం నేర్పేది

డిజైనులోని లోపం మామూలు రోజుల్లో బయటపడదు. 2022 జూలై 8 తెల్లవారుజామున కెనడాలోని రోజర్స్ టెలికాం సంస్థకు జరిగింది ఈ వృత్తిలో ఉన్నవారంతా చదవాల్సిన ఉదంతం. తమ ఐపీ కోర్‌ను ఏడు దశల్లో అప్‌గ్రేడ్ చేస్తూ ఆ రోజు ఆరో దశ మొదలుపెట్టారు. ఒక డిస్ట్రిబ్యూషన్ రౌటరులో రూట్లను అడ్డుకునే ఫిల్టరును తీసేశారు. అంతవరకు ఆగి ఉన్న రూట్లన్నీ వరదలా కోర్ రౌటర్ల మీద పడ్డాయి. మోయలేక అవి కూలిపోయాయి. 1.2 కోట్ల మందికి పైగా వినియోగదారులకు మొబైలు, ఇంటర్నెట్ రెండూ పోయాయి. అత్యవసర సేవల 911 నంబరుకు కాల్స్ వెళ్లలేదు. దేశమంతా డెబిట్ చెల్లింపులు నిలిచిపోయాయి. సర్దుకోవడానికి ఒక రోజు దాటింది.

ఫిల్టరు తీసిన చెయ్యి ఒక ఇంజినీరుది. అంత చిన్న పొరపాటు దేశాన్ని ఆపగలిగిందంటే తప్పు డిజైనుది. మొబైలుకూ ఇంటి ఇంటర్నెట్‌కూ ఒకటే కోర్. కోర్ రౌటర్లకు మోయలేని భారం వస్తే నెట్టేసే పరిమితులు పెట్టలేదు. అన్నిటికంటే ఘోరం, పరికరాలను దూరం నుంచి సరిచేసే మేనేజ్‌మెంట్ నెట్‌వర్క్ కూడా అదే కోర్ మీద ఆధారపడింది. ఇల్లు తగలబడుతుంటే తాళం చెవులు లోపలే ఉండిపోయాయి. ఇంకో సంగతి: ఈ ఏడు దశల పనిలో మొదటి దశకు ప్రమాద స్థాయి ఎక్కువ అని రాసుకున్నారు. ముందు దశలు సాఫీగా సాగడంతో ఆరో దశకు వచ్చేసరికి తక్కువ అయింది. ఈ సంఘటన తర్వాత మొబైలు, ఇంటి ఇంటర్నెట్ కోర్‌లను విడదీస్తామని రోజర్స్ ప్రకటించింది.

దానికి ముందు 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ సుమారు ఆరు గంటలు ఆగినప్పుడూ ఇలాంటి కథే. బ్యాక్‌బోన్ సామర్థ్యాన్ని చూడటానికి ఇచ్చిన ఒక కమాండు దారులన్నింటినీ తెంచేసింది. అలాంటి కమాండును ఆపాల్సిన సాఫ్ట్‌వేరులో లోపం ఉంది. సొంత డేటా సెంటర్లలోకి వెళ్లి సరిచేయడానికి కూడా సిబ్బందికి ఆలస్యమైంది. మేనేజ్‌మెంట్ నెట్‌వర్క్‌ను వేరే లింకు మీద, వేరే కంపెనీ నుంచి పెట్టాలన్న ప్రతిపాదన బడ్జెట్ సమావేశాల్లో మొదట కొట్టేసే పద్దు. ఈ రెండు ఉదంతాలను ముందు పెట్టి ఆ పద్దును నిలబెట్టుకోవడం ఇప్పుడు కాస్త తేలికైంది.

చేరే దారి

తెలుగు రాష్ట్రాల్లో ఈ రంగానికి వచ్చేవారు ఎక్కువగా ఎప్‌సెట్ రాసి సీఎస్ఈ, ఐటీ, ఈసీఈ శాఖల్లో బీటెక్ చేసినవారు. పాలిసెట్ ద్వారా డిప్లొమా చేసి టెలికాం కంపెనీల ఫీల్డ్ ఉద్యోగాల్లో చేరి పైకి వచ్చినవారూ తక్కువేం కాదు. టవర్లెక్కి, ఫైబర్ అతికించి వచ్చినవారికి లింకు ఎందుకు పడుతుందో ఒంటికి తెలుస్తుంది, ఆ జ్ఞానం డిజైనులో పనికొస్తుంది. కాలేజీ సిలబస్‌లో ఓఎస్ఐ ఏడు పొరల పాఠం ఉంటుంది, పరీక్షకు సరిపోతుంది. అసలు రౌటరు ముందు కూర్చోవడం మాత్రం అమీర్‌పేటలో మొదలవుతుంది. మైత్రీవనం చుట్టుపక్కల శిక్షణ సంస్థల్లో సిస్కో తొలి మెట్టు సర్టిఫికెట్ సీసీఎన్ఏ బోర్డు లేని మెట్లదారి అరుదు.

మొదటి ఉద్యోగం సాధారణంగా నాక్‌లో ఎల్1, అంటే మొదటి అంచె. మూడు షిఫ్టులు, ముందు రాత్రి షిఫ్టు. అలారం వస్తే టికెట్ తెరవడం, టెలికాం కంపెనీకి ఫోను చేసి ఫాలో అప్ చేయడం, గంటగంటకూ మెయిలు పెట్టడం. పిల్లలు దీన్ని చిన్న పనిగా చూసి ఏడాదిలో మానేస్తుంటారు. నిజానికి వేలకొద్దీ వైఫల్యాలు కళ్లముందు నుంచి పోయేది అక్కడే. ఏ లింకు వానొస్తే పడుతుంది, ఏ పరికరం అప్‌గ్రేడ్ తర్వాత మొండికేస్తుంది, ఎవరి మాప్ పత్రంలో రోల్‌బ్యాక్ ఉండదు అన్నవి పుస్తకాల్లో దొరకవు. ఎల్2లో కమాండ్లు ఇచ్చే అధికారం, ఎల్3లో మూలకారణం రాసే బాధ్యత వస్తాయి. ఈ మూలకారణ నివేదిక (ఆర్‌సీఏ) రాయడం బాగా వచ్చినవారే తర్వాత మంచి డిజైనర్లవుతారు. అక్కడినుంచి ఇంప్లిమెంటేషన్, ప్రీ సేల్స్, డిజైన్ విభాగాలు. ఎనిమిది నుంచి పన్నెండేళ్లకు ఆర్కిటెక్టు హోదా వస్తే ఆలస్యమైనట్టు కాదు.

సర్టిఫికెట్ల వరస తెలిసిందే. సిస్కోలో సీసీఎన్ఏ, సీసీఎన్‌పీ, ఆపైన సీసీఐఈ. సీసీఐఈ 1993లో మొదలైంది. పరీక్షాశాలకే 1024 అని నంబరిచ్చి, పరీక్షను తయారుచేసిన వ్యక్తికి 1025, దాన్ని పాసైన మొదటి వ్యక్తికి 1026 ఇచ్చారు. ఇప్పటికీ ఎనిమిది గంటల ప్రయోగ పరీక్ష, మన దేశంలో బెంగళూరులో రాస్తారు. డిజైనుకు విడిగా సీసీడీఈ ఉంది. అందులో కమాండ్లు ఉండవు, ఒక కంపెనీ కథ ఇచ్చి నిర్ణయాలు అడుగుతారు. ఆర్కిటెక్టు పనికి అన్నింటికంటే దగ్గరగా ఉన్న పరీక్ష అదే అయినా, నియామకాల్లో పేరు మాత్రం సీసీఐఈకే ఎక్కువ. జునిపర్, అరిస్టా వారివీ, అమెజాన్, మైక్రోసాఫ్ట్ క్లౌడ్ నెట్‌వర్కింగ్ పరీక్షలూ ఇప్పుడు అడుగుతున్నారు. చాలా సర్టిఫికెట్లకు కాలపరిమితి ఉంటుంది. సిస్కోవి మూడేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి.

ఇక్కడే చెప్పాల్సిన చేదు నిజం ఒకటుంది. ప్రశ్నపత్రాల డంపులు బట్టీ కొట్టి సర్టిఫికెట్ తెచ్చుకోవడం, ఇంటర్వ్యూలో మరొకరిని కూర్చోబెట్టడం మన దగ్గర చిన్న పరిశ్రమలా నడుస్తోంది. అమెరికాలో ఉద్యోగాలకు వెళ్లిన మనవాళ్లలో కొందరి వల్ల తెలుగు పేరు కనిపిస్తే ఇంటర్వ్యూలో రెండు ప్రశ్నలు ఎక్కువ అడిగే పరిస్థితి వచ్చింది. కష్టపడి నేర్చుకున్నవారు ఆ భారం మోస్తున్నారు. ఇతర ఉద్యోగాల్లో డంపులతో కొంతకాలం నెట్టుకురావచ్చునేమో. డిజైను సమావేశంలో ఎందుకు అన్న మొదటి ప్రశ్నకే దొరికిపోతారు.

జీతాల సంగతికొస్తే, 2024 మే నాటి అమెరికా ప్రభుత్వ లెక్కల్లో నెట్‌వర్క్ ఆర్కిటెక్టుల మధ్యస్థ వార్షిక వేతనం సుమారు 1.3 లక్షల డాలర్లు. అక్కడి నెట్‌వర్క్ అడ్మినిస్ట్రేటర్ల కంటే ఇది బాగా ఎక్కువ. హైదరాబాదులో ఎల్1 జీతానికీ ఆర్కిటెక్టు జీతానికీ మధ్య దూరం ఇంకా పెద్దది. బహుళజాతి సంస్థలు ఇక్కడ పెట్టిన జీసీసీల్లో (గ్లోబల్ కేపబిలిటీ సెంటర్లలో) డిజైను బాధ్యతలు కూడా ఇవ్వడం మొదలయ్యాక ఆ పై మెట్టు నగరంలోనే అందుబాటులోకి వచ్చింది.

మారుతున్న రంగం

2008లో స్టాన్‌ఫర్డ్‌లో పుట్టిన ఓపెన్‌ఫ్లో ఆలోచన, పరికరాల మెదడును బయటికి తీసి ఒకచోట సాఫ్ట్‌వేరులో పెట్టవచ్చని చూపింది. 2013లో గూగుల్ తన డేటా సెంటర్లను కలిపే బీ4 నెట్‌వర్క్‌ను ఈ పద్ధతిలో నడుపుతున్నట్టు పత్రం ప్రచురించింది. కంపెనీల శాఖలకు అదే ఎస్‌డీ-వ్యాన్ రూపంలో వచ్చింది. ఖరీదైన ఎంపీఎల్‌ఎస్ లింకు పక్కనే చవక బ్రాడ్‌బ్యాండ్ పెట్టి, ఏ అప్లికేషన్ ఏ దారిలో పోవాలో కంట్రోలరే చూసుకుంటుంది. ఇప్పుడు ఆర్కిటెక్టుకు పైథాన్, యాన్సిబుల్ చదవడమైనా రావాలి. వంద రౌటర్లలో చేత్తో చేసిన మార్పు వంద తీరులుగా ఉంటుంది. అయితే స్క్రిప్టులో పొరపాటు ఉంటే వంద రౌటర్లూ ఒకే నిమిషంలో పడతాయి, కాబట్టి ఆటోమేషన్ వచ్చాక డిజైనులో హద్దులు గీయడం ఇంకా ముఖ్యమైంది.

తెలుగు నేల మీద నెట్‌వర్క్ పటం కూడా మారుతోంది. 2022 నవంబరులో అమెజాన్ హైదరాబాదులో క్లౌడ్ రీజియన్ తెరిచింది. అంతవరకు దేశంలో వారికున్నది ముంబయి ఒక్కటే. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖపట్నంలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో ఏఐ కేంద్రం, దానితో పాటు సముద్రగర్భ కేబుళ్ల గేట్‌వే ప్రకటించింది. ఇప్పటిదాకా అంతర్జాతీయ కేబుళ్లలో ఎక్కువ భాగం ముంబయి, చెన్నైల్లోనే ఒడ్డెక్కుతున్నాయి. విశాఖ తీరం నిజంగా మూడో దారి అయితే దేశంలోని ప్రతి పెద్ద నెట్‌వర్క్ డిజైనూ మళ్లీ గీసుకోవాల్సిందే. ఏఐ డేటా సెంటర్ల లోపల సమస్య వేరు. వేల జీపీయూలు ఒకే లెక్కను పంచుకుని చేస్తుంటాయి గనక ఒక్క స్విచ్చులో ప్యాకెట్లు రాలినా అన్నీ ఆగి చూడాలి. ఆ అవసరానికి తగ్గట్టు ఈథర్‌నెట్‌ను మార్చడానికి కంపెనీలు 2023లో అల్ట్రా ఈథర్‌నెట్ కన్సార్షియంగా ఏర్పడ్డాయి.

ప్రభుత్వ నెట్‌వర్కుల్లోనూ నేర్చుకోవడానికి చాలా ఉంది. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ లాగింది. తెలంగాణ టీ-ఫైబర్ మిషన్ భగీరథ నీటి గొట్టాల కందకాల్లోనే ఫైబర్ గొట్టాలు వేసింది. స్తంభాల దారి చవక, తొందరగా అయిపోతుంది, తుపాను వస్తే స్తంభంతో పాటు ఫైబరూ పడుతుంది. భూమిలో వేసింది గాలివానకు చెక్కుచెదరదు, తెగితే ఎక్కడ తెగిందో వెతికి తవ్వాలి. రెండు రాష్ట్రాలూ తమ తమ డబ్బు, సమయం చూసుకుని తీసుకున్న నిర్ణయాలివి. రెంటిలోనూ తర్కముంది.

ఈ వృత్తి మీద మనసున్న విద్యార్థి ఫీజు కట్టేముందు చేయగలిగింది చాలా ఉంది. సిస్కో ప్యాకెట్ ట్రేసర్, జీఎన్ఎస్3 ఉచితం. ఇంటర్నెట్ ప్రమాణాలను చెప్పే ఆర్‌ఎఫ్‌సీలన్నీ ఉచితం. రోజర్స్ సంఘటనపై కెనడా నియంత్రణ సంస్థ చేయించిన పరిశీలన సారాంశం కూడా ఉచితంగానే దొరుకుతుంది. ముందుగా సబ్‌నెట్ లెక్కలు కాలిక్యులేటర్ లేకుండా చేత్తో వేయడం నేర్చుకోండి. తర్వాత మీ కాలేజీ నెట్‌వర్క్‌ను లైబ్రరీ స్విచ్చు నుంచి మెయిన్ గేటు ఫైబర్ దాకా ఒక కాగితం మీద గీసి, ఏ ఒక్కటి పోతే అంతా ఆగుతుందో ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టండి. మొదటి ఇంటర్వ్యూకి ఆ కాగితం పట్టుకెళ్లండి.